నలభై రెండులోంచి పదిహేడు

మా ఇల్లు బ్రాడీపేటలో నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు. ఉత్తరం మీద 4/7 అని రాస్తే చాలు, పోస్టుమాన్ తెచ్చి పడేస్తాడు. ఈ పేటలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతే ఇది. మొన్న వేసవి సెలవులు అయిపోయే ముందు మా మనవరాలు గేటు పక్కన గోడ మీద ఆ అంకెలు చూసి, "తాతయ్యా, మన ఇంటికి ఏడుకు నాలుగు మార్కులేనా?" అంది. రెండో తరగతిలోకి వచ్చిన పిల్ల. గీతకు అటో అంకె ఇటో అంకె కనబడితే అవి మార్కులే అనుకునే వయసు ఏడేళ్ళకే వచ్చేసింది. నవ్వాను గానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

ఆ సాయంత్రమే కోడలు చెప్పింది. "మావయ్యగారూ, మీరెలాగూ శంకర్ విలాస్ వైపు వెళతారుగా, చిన్నదానికి మ్యాథ్స్ ప్రాక్టీస్ బుక్ ఒకటి పట్రండి. స్కూల్లో ఇచ్చింది కాక, ఇంట్లో చేయించడానికి." బెండకాయలు తెమ్మన్నట్టే చెప్పింది. నేనూ బెండకాయలకు వెళ్ళినట్టే వెళ్ళాను. కానీ బెండకాయ లేతదో ముదురో కొస విరిస్తే తెలుస్తుంది. పుస్తకాన్ని ఎక్కడ విరిచి చూడాలి?

కొట్లో కుర్రాడు "ఏ సిలబస్ సార్?" అన్నాడు. రెండో తరగతి కూడికలకు సిలబస్ ఏమిటి నాయనా, ఏడూ ఎనిమిదీ ఢిల్లీవాళ్ళకు ఒకటీ మనకు ఒకటీ అవుతాయా అన్నాను. వాడు నన్ను ఎగాదిగా చూసి, పెద్దాయనతో మనకెందుకని తొమ్మిది పుస్తకాలు తెచ్చి బల్ల మీద పరిచాడు.

ఒక దాని అట్ట మీద గుడ్లగూబ కళ్ళజోడు పెట్టుకుని ఉంది. లక్ష్మీదేవి వాహనం అనుకుని సర్దుకుందామన్నా, లోపల మంచు మనిషి, ఆ మంచు మనిషికి ఎర్ర మఫ్లరు. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఊళ్ళో మంచు మనిషి టోపీ మీద బొత్తాలు లెక్కపెట్టాలట. ఇంకో పుస్తకంలో సామ్ అనేవాడి దగ్గర 8 మఫిన్లు ఉన్నాయి, వాడు 3 జూలీకి ఇచ్చాడు. మా పిల్లకు పునుగులు తెలుసు, మిర్చిబజ్జీ తెలుసు. మఫిన్ అంటే ఏమిటో నాకు కొట్టు కుర్రాడే చెప్పాలి. మూడోదాని నిండా అంటించుకునే బొమ్మలు. పేజీకి మూడు లెక్కలు, పదమూడు బొమ్మలు. నాలుగోది దీనికి పూర్తిగా ఎదురు: 240 పేజీలు, బొమ్మన్నది లేదు, చీమల బారుల్లా లెక్కలే లెక్కలు. అయిదో పుస్తకం అట్ట మీద 'ఫౌండేషన్' అని బంగారు రంగు అక్షరాలు. దేనికి పునాది అని అడిగితే "ఐఐటీకి సార్" అన్నాడు. రెండో తరగతికా అన్నాను. "ఒకటో తరగతిది అయిపోయింది సార్, స్టాకు రావాలి" అన్నాడు.

మా గుంటూరు సంగతి తెలియనిది కాదు. ఊరి చుట్టూ మిరప, పత్తి ఎంత పండుతాయో ఊళ్ళో ర్యాంకులూ అంత పండుతాయి. అయినా నారు పోసిన వారానికే కాయ కోస్తామంటే ఏ రైతు ఒప్పుకుంటాడు?

చివరికి నేను కొన్నది ఆ బంగారు అక్షరాలదే. ఎందుకు కొన్నావయ్యా అంటే చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. "అందరూ ఇదే తీసుకెళ్తున్నారు సార్" అన్నాడు వాడు. మిర్చి కమీషన్ కొట్లో 31 ఏళ్ళు గుమాస్తాగా చేసినవాణ్ణి. 'అందరూ ఇదే కొంటున్నారు' అనే మాట వినబడగానే సరుకును రెండుసార్లు చూడాలని తెలిసినవాణ్ణి. పుస్తకం దగ్గరికొచ్చేసరికి ఆ తెలివి ఎటు పోయిందో. 345 రూపాయలు పెట్టి తెచ్చాను.

వారం తిరక్కుండానే దాని గుట్టు బయటపడింది. 42 లోంచి 17 తీసివేయమని లెక్క. కింద నాలుగు జవాబులు, నాలుగు గుండ్రాలు. పిల్ల 35 పక్కన గుండ్రం నల్లగా నింపి పేజీ తిప్పేసింది. నేను ఆపి, ఎలా వచ్చిందే అన్నాను. "ఏడులోంచి రెండు పోతే అయిదు, నాలుగులోంచి ఒకటి పోతే మూడు" అంది ధీమాగా. పైదాంట్లోంచి కిందది తీయాలని కాకుండా, పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేసింది. పసిపిల్లలందరూ చేసే తప్పే ఇది, మేమూ చేశాం. నాకు ఒళ్ళు మండింది వేరే దాని మీద. ఆ నాలుగు జవాబుల్లో 35 ని తెచ్చి పెట్టింది ఆ పుస్తకం రాసినవాడేగా! పిల్ల ఎక్కడ జారిపడుతుందో వాడికి ముందే తెలుసు. తెలిసి, అక్కడ అరటితొక్క వేసి, పక్కన నిలబడి గుండ్రం ఇచ్చాడు. ఎందుకు జారిందో కనుక్కోవడానికి ఒక గీతంత ఖాళీ కూడా పేజీలో ఉంచలేదు. పిల్ల నోటితో చెప్పబట్టి నాకు తెలిసింది గానీ, ఆ నల్ల గుండ్రం ఏం చెబుతుంది?

ప్రథమ్ సంస్థవాళ్ళు 2005 నుంచి 'అసర్' అనే పేరుతో పల్లెల్లో ఇంటింటికీ వెళ్ళి పిల్లల చదువు ఎంతవరకు వచ్చిందో చూసి వస్తుంటారు. వాళ్ళు తెచ్చే కాగితంలో తీసివేత లెక్క సరిగ్గా ఈ మాదిరిదే, రెండంకెల లెక్క, పక్కనుంచి పది అప్పు తెచ్చుకోవాల్సింది. దేశంలో పల్లెల చదువును కొలవడానికి వాళ్ళు ఎంచుకున్న గుంజ అది. నా మనవరాలు దాని దగ్గరే ఆగింది. ఐఐటీ ఆ తరవాత సంగతి.

ఇక మా రోజుల్లో... అనగానే కోడలు వంటింట్లోంచి "మొదలెట్టారా" అంటుంది. మొదలెట్టాను.

మాది పర్చూరు వైపు పల్లె. నేను పుట్టింది 1948. మాకు ప్రాక్టీసు పుస్తకం అంటూ ఒకటి ఉండేదని నాకు తెలియదు. పలక, బలపం, అట్ట చిరిగిన ఎక్కాల పుస్తకం, అంతే. ఆ ఎక్కాల పుస్తకం చివర కొలతల పట్టీలు ఉండేవి. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం, నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి. తూకానికైతే మూడు తులాలు పలం, ఎనిమిది పలాలు సేరు, అయిదు సేర్లు వీశె, ఎనిమిది వీశెలు మణుగు, ఇరవై మణుగులు బారువ. ఇప్పటి పిల్లకు ఇది మంత్రంలా వినబడుతుంది. ఇందులో పది అన్నది ఎక్కడా లేదు చూడండి. నాలుగో మెట్టు దగ్గర ఒక లెక్క, ఎనిమిదో మెట్టు దగ్గర ఇంకో లెక్క. సేర్లలోంచి పలాలు తీయాల్సి వస్తే ఒక సేరు విప్పి ఎనిమిది పలాలు చేసుకోవాలి. అప్పు తెచ్చుకోవడం అనే మాట పంతులుగారు చెప్పకముందే మా అమ్మ కాటా దగ్గర చేసి చూపించింది.

అంకెలకు మర్యాద కూడా ఉండేది. కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనకూడదు, 'లాభం' అనాలి. లాభం, రెండు, మూడు... ఆరు తరవాత ఏడు అనకూడదు, కళ్ళంలో ఏడుపు మాటేమిటని. 'ఆరున్నొకటి' అనాలి. నేను బళ్ళో పంతులుగారు ఆరు తరవాత ఎంతరా అంటే ఆరున్నొకటి అని చెప్పి తొడపాశం తిన్నాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ జవాబులో తప్పేముంది? ఏడంటే ఆరూ ఒకటీ. ఈ కాలం పుస్తకాల్లో అంకెను విడగొట్టి చూపించడానికి రెండు పేజీలు, నాలుగు రంగులు ఖర్చుపెడతారు. మా కళ్ళంలో రాశి దగ్గర కూర్చున్న ముసలాయన మూఢనమ్మకంతో ఒక్క మాటలో చెప్పేసేవాడు.

అణాల సంగతి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. 1957 ఏప్రిల్ 1 న నయాపైసలు వచ్చాయి. అప్పటిదాకా రూపాయికి 16 అణాలు. బేడ అంటే రెండణాలు, పావలా అంటే నాలుగు. ఆ రోజు నుంచి రూపాయికి 100. మరి అణాకి ఎన్ని? లెక్కకి ఆరుంపావు. పావు పైసా ఎవడు కొడతాడు? అందుకని సర్కారువాళ్ళు పట్టీ వేశారు. అణాకు 6 నయాపైసలు, బేడకు 12, మూడణాలకు 19, పావలాకు 25. పాత నాణేలూ కొత్త నాణేలూ కలిసి చలామణీ అయ్యేవి. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. మా వీధి చివర శెట్టిగారి కొట్లో మరమరాల ఉండ అణా. మూడు ఉండలు ఒక్కసారి కొంటే 19 నయాపైసలు. ఒక్కొక్కటే కొని, వీధి చివరిదాకా వెళ్ళి మళ్ళీ వస్తే మూడార్లు 18. ఒక నయాపైస మిగులు! ఇది నేనే కనిపెట్టాననుకుని ఊరంతా చాటాను. మూడోసారి వెళ్ళేసరికి శెట్టిగారు ఉండ చేతిలో పెట్టి, "ఒరే, ఇందాకటి రెండూ కలిపి 19 ఇచ్చి పో" అన్నాడు. ఆయనకు నాకంటే ముందే తెలుసు. ఇంతకంటే గట్టి ప్రాక్టీసు పుస్తకం ఏ కొట్లో దొరుకుతుందో చెప్పండి.

అలాగని ఆ బడిని నెత్తిన పెట్టుకుని ఊరేగించను. పదిహేడో ఎక్కం రాలేదని మా అన్నయ్యను దూలానికి తాడు కట్టి కోదండం వేశారు. వాడు మర్నాటి నుంచి బడి మానేసి గేదెల వెంట పడ్డాడు, మళ్ళీ రాలేదు. 60 ఏళ్ళు వ్యవసాయం చేశాడు, ఎరువుల కొట్టువాడు రాసిన చీటీ చేత్తో పట్టుకుని నా దగ్గరికి వచ్చేవాడు, ఇది ఎంతరా తమ్ముడూ అని. నాకు వచ్చింది గనక ఆ చదువు మంచిదని నేను అనుకుంటే, వాడి మొహం గుర్తొస్తుంది. ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. నేనూ చిట్టా ఆవర్జా రాసి బతికినవాణ్ణే గానీ, తీసివేతలో పక్కనుంచి ఒకటి తెస్తే అది పది ఎందుకవుతుందో నాకు ఎవరూ చెప్పలేదు. "అప్పు తెచ్చుకో" అన్నారు, తెచ్చుకున్నాను. ఎవరి దగ్గర, ఎంతకు, తిరిగి ఇవ్వక్కర్లేదా అని అడిగితే చీమచింత బరికె లేచేది. సేర్లూ పలాలూ విప్పడం వచ్చినవాడికి, అంకెల్లో జరిగేదీ అదేనని ఒక్కరూ కలిపి చెప్పలేదు. బళ్ళో లెక్క బళ్ళో, కాటా దగ్గర లెక్క కాటా దగ్గర.

ఇప్పుడు పరిస్థితి తిరగబడింది. బళ్ళో వివరంగానే చెబుతున్నారు. కాటా దగ్గరే ఏమీ లేదు.

ఇది నాకు ఎలా తట్టిందంటే, ఆ 42 నాడు పిల్లను కూర్చోబెట్టి చిల్లరతో చెబుదామని నా చొక్కా జేబు తడిమాను. రెండు వందల నోటు ఒకటి, మందుల చీటీ. కోడలి పర్సులో కార్డులు. అబ్బాయి జేబులో ఫోను. ఇంట్లో నాలుగు పది నోట్లు, రెండు రూపాయి బిళ్ళలు దొరకలేదు! దేవుడి గూట్లో ముడుపు విప్పితే దొరికాయి. వెంకటేశ్వరస్వామికి అప్పుపడి నేను మా పిల్లకు అప్పు తెచ్చుకోవడం నేర్పాను.

నాలుగు పదులు, రెండు రూపాయలు దాని చేతిలో పెట్టి, నీకు 17 రూపాయల పెన్సిలు అమ్మానమ్మా, డబ్బివ్వు అన్నాను. ఒక పది ఇచ్చింది. ఇంకా ఏడు కావాలి. చేతిలో రెండే బిళ్ళలు. బిళ్ళల వంక చూసింది, నా వంక చూసింది. "పది మార్చుకురానా?" అంది. అంతే! ఆ మాట కోసమే 240 పేజీలు రాస్తారు. పెద్దరోడ్డు మీద కొట్టుకు వెళ్ళి పది రూపాయలకు చిల్లర తెచ్చింది. తొమ్మిది రూపాయి బిళ్ళలూ ఒక చాక్లెట్టూ. ఆ కొట్టువాణ్ణి ఏమనాలో నాకు తెలియలేదు గానీ లెక్క మాత్రం తెగింది. 25.

ఆలోచిస్తే ఇదంతా ఆ కొట్టువాడి తప్పు కూడా కాదు. ఇప్పుడు కొట్టుకు పిల్లను పంపితే, బల్ల మీద నలుపు తెలుపు గళ్ళ బొమ్మ, దానికి ఫోను చూపించడం, లోపల డబ్బాలోంచి ఒక ఆడగొంతు "పదిహేడు రూపాయలు అందినవి" అని అరవడం. తీసివేత ఎక్కడ జరిగిందో ఎవడికీ కనబడదు. బ్యాంకులో ఎక్కడో జరిగింది. మా చిన్నప్పుడు అరచేతిలో జరిగేది. ఇంటికొచ్చి అమ్మకు చిల్లర లెక్క అప్పజెప్పకపోతే వీపు మోగేది. రోజుకు రెండుసార్లు కొట్టుకు వెళ్ళొచ్చే పిల్లవాడు ఏడాదికి ఏడెనిమిది వందల లెక్కలు చేసినట్టు, ఒక్క కాగితం ఖర్చు లేకుండా. బజారు ఆ పని మానేసింది. ఆ బరువంతా పుస్తకం మీద పడింది. లావెక్కక ఏం చేస్తుంది? మంచు మనిషీ మఫిన్లూ రాక ఏం చేస్తాయి? నేను ఆ పుస్తకాల మీద అరిచినదాంట్లో సగం వాటికి అన్యాయమే.

సగమే సుమా.

మా అమ్మాయి అమెరికాలో ఉంది. ఈ గొడవ ఫోనులో చెబితే, "నాన్నా, ఇక్కడ మన తెలుగు పిల్లల్లో చాలామంది కుమాన్‌కు వెళతారు" అంది. అదేమిటని అడిగితే చెప్పింది. 1954 లో జపాను ఒసాకాలో టోరు కుమాన్ అనే హైస్కూలు లెక్కల మాస్టారు ఉండేవాడట. రెండో తరగతి చదివే కొడుకు లెక్కల్లో వెనకబడ్డాడు. ఆయన కొట్లో దొరికే అభ్యాస పుస్తకాలు తెచ్చి చూశాడు, నచ్చలేదు. తానే విడి కాగితాల మీద రోజుకు కొన్ని లెక్కలు చేత్తో రాసి ఇవ్వడం మొదలెట్టాడు. అదే పెరిగి పెరిగి ప్రపంచమంతా డబ్బు కట్టి వెళ్ళే క్లాసులైంది. రెండో తరగతి పిల్లవాడు, కొట్లో పుస్తకాలు నచ్చని తండ్రి! నాకు ఆ జపాను మాస్టారు మా లైనులోనే ఉంటున్నట్టనిపించింది. ఆయన మొదట చేసిన పనికి డబ్బు ఖర్చు లేదు, ఇప్పుడు ఆ పేరు మీద నెలనెలా డాలర్లు కడుతున్నారు. అది వేరే కథ.

అంత దూరం పోవడమెందుకు. మా పల్లెకు దగ్గర్లోనే, ఇంకొల్లు పక్కన పావులూరు ఉంది. ఆ పేరే ఇంటిపేరుగా ఉన్న పావులూరి మల్లన 11వ శతాబ్దంలో మహావీరాచార్యుడి సంస్కృత గణితసారసంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. వెయ్యేళ్ళ కిందట లెక్క తెలుగులోకి నడిచి వచ్చింది. ఇప్పుడు తెలుగిళ్ళలోంచి లెక్క సామ్ ఇంటికి నడిచి వెళుతోంది. కడప జిల్లా కల్లూరులో 1907 లో పుట్టిన లక్కోజు సంజీవరాయశర్మగారికి పుట్టుకతోనే చూపు లేదు. ఆయన సభల్లో గణితావధానం చేసి పండితులను నోరెళ్ళబెట్టించాడు. పుస్తకం కంటితో చూడని మనిషి. అందరూ శర్మగార్లు కాలేరని నాకూ తెలుసు. చెవికి కూడా లెక్క ఎక్కుతుందని చెప్పడానికే ఇది. మా ఇంట్లో నోటిలెక్క అడిగేవాళ్ళు ఎవరున్నారు? అబ్బాయి ఇంటికొచ్చేసరికి పిల్ల నిద్రపోతుంది.

అందుకని నేనే మొదలెట్టాను. నేను పనిచేసిన మిర్చి కొట్టువాళ్ళు ఇప్పటికీ ఏటా క్యాలెండరు పంపుతారు. వెనకవైపు తెల్లగా ఉండే క్యాలెండరు ఈ రోజుల్లో అరుదు, ప్రతివాడూ వెనక కూడా వాస్తు, రాశిఫలాలు అచ్చువేస్తాడు. వీళ్ళు పాతకాలం మనుషులు. అయిపోయిన నెల కాగితం నాలుగు ముక్కలు చేసి, ముక్కకు పది లెక్కలు రాస్తాను. సామ్ లేడు. చుట్టుగుంట దగ్గర మిర్చియార్డుకు 42 టిక్కీలు (మిర్చి బస్తాలు) వచ్చాయి, అందులో 17 తేజ, మిగిలినవి 334. 334 రకం ఎన్ని టిక్కీలు? పిల్ల మొదటిసారి చదివి, "334 టిక్కీలేగా తాతయ్యా, నువ్వే రాశావు" అంది. నేను నవ్వుకుని ఆ రకం పేరు మార్చాను. లెక్క రాయడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఆ గుడ్లగూబ పుస్తకం రాసినవాడి మీద కొంచెం జాలి కూడా కలిగింది.

రెండు వారాలకు నాకు కొన్ని సంగతులు తెలిశాయి. పేజీ అంతా తీసివేతలే రాస్తే పిల్ల గుర్తు చూడటం మానేస్తుంది. మధ్యలో రెండు కూడికలు దూర్చితే వాటినీ తీసేస్తుంది. 40 లోంచి 17 అన్నప్పుడు సున్నా దగ్గర మళ్ళీ పాత రోగం తిరగబెడుతుంది, "సున్నాలోంచి ఏమీ పోదు" అని ఏడు అక్కడే దింపుతుంది. 42 వచ్చింది కదాని 40 వచ్చినట్టు కాదు. కాబట్టి సున్నాల లెక్కలు నాలుగు రోజులు విడిగా చేయించాలి. పదికి పదీ క్షణంలో చేసేస్తే అవి దానికి ఆట, పదిలో నాలుగు తప్పితే ఏడుపు. ఎనిమిదో తొమ్మిదో వచ్చి ఒకటో రెండో తప్పిన రోజున అది తానే రబ్బరు పట్టుకుని కూర్చుంటుంది. మిరపచేనుకు నీళ్ళు పెట్టినట్టే, నిలవకూడదు, ఎండకూడదు.

మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ కూతురు మూడో తరగతి, మునిసిపల్ బడి. సాయంత్రాలు మా వరండాలోకి వచ్చి కూర్చుంటుంది. ఆ పిల్ల లెక్కల పుస్తకం తీసి చూశాను. సర్కారు ఉచితంగా ఇచ్చిందే. ఒక పేజీ ఇంగ్లీషు, దాని ఎదుటి పేజీలో అదే పాఠం తెలుగు. ఇంగ్లీషు వైపు అర్థం కాకపోతే కన్ను పక్కకు తిప్పితే చాలు. వాళ్ళ టీచరుగారు చీపురుపుల్లలు పదేసి కట్టలు కట్టి, తీసివేతకు ఒక కట్ట విప్పి చూపించిందట. నాకు 77 ఏళ్ళ వయసులో, అప్పు తెచ్చుకోవడం అంటే కట్ట విప్పడమని ఆ పిల్ల చెప్పింది. నేను 345 రూపాయలు పెట్టి కొన్న పుస్తకంలో ఒక్క కట్టా లేదు. మా మనవరాలి స్కూలు ఏటా ఎంత ఫీజు తీసుకుంటుందో నేను ఇక్కడ రాయను. రాస్తే మా అబ్బాయి నాతో మాట్లాడడు.

జులై ఆఖర్లో మళ్ళీ కొట్టుకు వెళ్ళాను. ఈసారి పిల్లను వెంటబెట్టుకుని. కుర్రాడు నన్ను గుర్తుపట్టి తానే స్టూలు వేశాడు. తొమ్మిది పుస్తకాలూ మళ్ళీ బల్ల మీదికి వచ్చాయి. గుండ్రాలవి అన్నీ పక్కన పెట్టించాను. మిగిలిన వాటిలో నడిమి పేజీ తెరిచి, ఇది చదివి ఏం చేయాలో చెప్పమ్మా అన్నాను. బెండకాయ కొస విరవడమంటే ఇదే మరి. ఒకదాంట్లో మాటలు చదవడానికే దానికి అయిదు నిమిషాలు పట్టింది. అది లెక్క కాదు, ఇంగ్లీషు పరీక్ష. ఇంకోదాంట్లో కాగితం నున్నగా అద్దంలా మెరుస్తోంది, పెన్సిలు జారుతుంది, చెరిపితే మసి. ఒకటి మాత్రం సాదా అట్ట, ముతక కాగితం, పక్కన లెక్క చేసుకోవడానికి ఖాళీ, నాలుగు పేజీలకొకసారి కూడికా తీసివేతా కలిపిన పేజీ, సున్నాల లెక్కలకు వేరే అధ్యాయం. జవాబులు చివర, చింపి దాచుకునేట్టు. 90 రూపాయలు. "అది పోదు సార్, రెండేళ్ళనుంచి ఇక్కడే ఉంది" అన్నాడు కుర్రాడు. మిర్చియార్డులో ఇలాంటి సరుకునే మేము వెతికి కొనేవాళ్ళం.

దాంట్లోనూ ఒక పేజీలో మంచు మనిషి ఉన్నాడు. పిల్లకు వాడే నచ్చాడు. సరేలే అనుకున్నాను.

అయినా నా కాగితాలు మానలేదు. పుస్తకం పగలు, నా ముక్కలు సాయంత్రం. ఇవాళ పొద్దున కోడలు గోడ దగ్గర నిలబడి పిలిచింది. "మావయ్యగారూ, జులై కాగితం ఏదండీ?"

చించానమ్మా, నెల అయిపోయిందిగా అన్నాను.

"పాల లెక్క దానిమీదే రాశాను. గేటు దగ్గర పాలాయన ఉన్నాడు."

మా ఇంట్లో పాకెట్ పాలు వాడరు, గేదె పాలే కావాలి. రోజుకు అరలీటరు. ఆయన రాని రోజు సున్నా, ఎక్కువ పోసిన రోజు ఇంకో గీత, అన్నీ తేదీల గళ్ళలో. నేను ఆ గళ్ళు చూడనే లేదు, వెనక తెలుపే చూశాను. పిల్లా నేనూ వరండాలో బోర్లాపడి ముక్కలు ఏరాం. మూడు దొరికాయి. వెనక్కి తిప్పి, పక్కపక్కన పేర్చి, గళ్ళు లెక్కపెట్టాం. నాలుగో ముక్కలో ఉండాల్సిన ఆఖరి వారం సంగతి కోడలు గుర్తున్నంతలో చెప్పింది. నెలకు 31 రోజులు. ఆయన రానివి మూడు. పిల్ల కింద కూర్చుని 31 లోంచి 3 తీసింది. ఒకటిలోంచి మూడు పోదు. నేను నోరు మూసుకున్నాను. మూడు మీద గీత కొట్టి రెండు చేసింది. 28. అదనంగా పోసినవి నాలుగు. 32 అరలీటర్లు.

పాలాయన 33 అంటున్నాడు. ఆయన దగ్గర కాగితం లేదు, ఏదీ రాసుకోడు, ఇరవై ఇళ్ళ లెక్క నోటనే ఉంటుంది. నాకు ఆయన మీద గౌరవం, కోడలికి అనుమానం. నాలుగో ముక్క వాచ్‌మన్ కూతురు లెక్కలు చేయడానికి తీసుకుని బడికి వెళ్ళిపోయింది. సాయంత్రం నాలుగున్నరకు వస్తుంది.